పాత గ్రామఫోను కొనేముందు

అటక మీద పాత పెట్టె దించినప్పుడు అడుగున నాలుగు నల్లని ప్లేట్లు బయటపడటం మన ఇళ్ళలో అపురూపమేమీ కాదు. ప్లేట్లు ఉంటవి, వాటిని పాడించే పెట్టె మాత్రం ఎప్పుడో పాడైపోయో, ఎవరికో ఇచ్చివేసో ఉంటారు. వాటిలో ఏమున్నదో వినాలని ఇంటిల్లిపాదికీ కోరిక పుడుతుంది. అప్పుడు పాత గ్రామఫోను కోసం వెతుకులాట మొదలవుతుంది. కొనేవారికి ఆత్రం, అమ్మేవారికి అవకాశం. ఈ రెండూ కలిసిన చోట కొంచెం జాగ్రత్త అవసరం కనుక, మాకు తెలిసిన నాలుగు సంగతులు పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా కామసముద్రం ప్రాంతానికి గ్రామఫోనుతో సంబంధం ఉండటానికి కారణాలున్నవి. పక్కనే కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు అక్కడ అడుగుపెట్టిన తరువాత దొరల బంగళాలు, క్లబ్బులు వెలిసినవి. వాటితోపాటే సీమ సరుకులూ వచ్చినవి. 1902లో శివసముద్రం నుండి తీగల మీద గనులకు కరెంటు వచ్చింది. కాని ఆ వెలుగు చుట్టుపక్కల పల్లెలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. కరెంటుతో పనిలేకుండా, చేతితో కీ ఇస్తే పాడే పెట్టె కనుకనే గ్రామఫోను పల్లెటూరి ఇంటి అరుగు మీద కూడా కూర్చోగలిగింది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డవి. ఎన్నో కుటుంబాలు ఊళ్ళు మారినవి. ఇళ్ళలోని సామాన్లు చేతులు మారినవి. అందువల్ల ఈ వైపున పాత వస్తువు ఏది అమ్మకానికి వచ్చినా, “ఇది దొరగారి బంగళాలోదండీ” అనే మాట వినిపించడం సహజం. అది నిజమే కావచ్చు. అయినా కథకు వేరే వెల కట్టనక్కరలేదు. మనం కొనేది యంత్రాన్ని.

మొదటి సంగతి, కంటికి మెరిసేదాన్ని చూచి మోసపోకూడదు. పెద్ద ఇత్తడి బాకా, కింద నగిషీ చెక్కిన చెక్కపెట్టె, దాని మీద బాకా ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉన్న యంత్రాలు పాతసామాన్ల అంగళ్ళలో చాలా కనబడుతవి. వాటిలో అనేకం ఈమధ్య కాలంలో కూర్చినవే. పాత పోర్టబుల్ పెట్టెలోని మోటారు ఊడదీసి, కొత్త చెక్కపెట్టెలో బిగించి, పల్చని ఇత్తడి రేకుతో బాకా తగిలిస్తారు. ఆ కుక్క బొమ్మను ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఆంగ్ల చిత్రకారుడు వేశాడు. అసలు యంత్రం మీద ఆ ముద్ర తీరుగా, సన్నని గీతలతో ఉంటుంది. నకిలీ మీద మొరటు రేకు ముక్కను చీలలతో కొట్టి ఉంటారు. బాకా బరువును మోసే ఇనుప చెయ్యి పెట్టెకు వెనుక గట్టిగా అమరి ఉన్నదా, లేక బాకా మెడ ఊగిసలాడుతున్నదా చూడండి. ఊగితే అనుమానించండి.

నిజానికి ఇంట్లో పాటలు వినదలచినవారికి బాకా యంత్రం కంటె, సూట్‌కేసు వలె మూత మూసి మోసుకుపోయే పోర్టబుల్ పెట్టె మేలు. హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 101, 102 నంబర్ల పెట్టెలు ఈ తరగతివి. చూపులకు సాదాగా ఉంటవి కనుక వీటిని నకిలీ చేసేవారు తక్కువ.

రెండవది స్ప్రింగు. అమ్మేవారు ముందే కీ ఇచ్చి ఉంచితే దాన్ని పూర్తిగా తిరగనిచ్చి, ఆగిన తరువాత మీరు స్వయంగా కీ ఇవ్వండి. హ్యాండిల్ తిప్పినకొద్దీ బిగువు క్రమంగా పెరగాలి. ఎంత తిప్పినా బిగువు రాకపోతే స్ప్రింగు తెగిందన్నమాట. తిరిగేటప్పుడు లోపల దబ్, దబ్ మని చప్పుడు వస్తే గ్రీజు ఎండి, స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని ఉండవచ్చు; అది బాగుచేయదగిన లోపం. పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పాడుతుంది. నిండుగా ఇచ్చిన కీతో ఆ మూడు నిమిషాలూ నడక మందగించకుండా సాగాలి. ఒక హెచ్చరిక: స్ప్రింగు ఉన్న డబ్బీని ఇంట్లో విప్పబోకండి. లోపల ఉన్నది కత్తివంటి ఉక్కు పట్టీ. విడివడితే చేతులు కోస్తుంది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

మూడవది వేగం. ఈ ప్లేట్లు నిమిషానికి 78 చుట్లు తిరగాలి. దీనికి పెద్ద పరికరమేమీ అక్కరలేదు. ప్లేటు అంచు కింద చిన్న కాగితం చీటీ కొంచెం బయటకు కనబడేటట్లు దోపండి. ముల్లు ఆనించి, పాట నడుస్తూండగా గడియారం చూచుకుంటూ నిమిషంలో చీటీ ఎన్నిసార్లు మీ ముందుకు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకటి రెండు తేడా ఉంటే వేగం మార్చే మరతో సరిదిద్దవచ్చు. ఆ మర తిప్పినా మార్పు రాకపోయినా, వేగం క్షణక్షణం పెరిగి తరుగుతున్నా, లోపల వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు చెడిందని గ్రహించాలి. అప్పుడు గాయకుని గొంతు ఏడ్పు వలె సాగుతుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ముల్లు పెట్టే సౌండు బాక్సు. దీనిలో అభ్రకపు బిళ్ళగాని, పల్చని అల్యూమినియం రేకుగాని ఉంటుంది. అభ్రకం పొరలు విడిపోయిందా, రేకు చిట్లిందా చూడండి. దాని అంచున ఉండే రబ్బరు ఏళ్ళు గడిచేసరికి రాయి అవుతుంది. అలా అయితే పాట గట్టిగా వచ్చిన చోటల్లా గరగరమంటుంది. రబ్బరు మార్పించవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి. తరువాత సౌండు బాక్సు ఉన్న చెయ్యిని ప్లేటు మధ్యకు జరపండి. ముల్లు మొన నడిమి ఇరుసు దగ్గరకు రావాలి. అంగుళం ఇవతలే ఆగినా, అంగుళం అవతలకు పోయినా ఆ చెయ్యి ఆ పెట్టెది కాదు. అటువంటి యంత్రం పాడుతుంది గాని, పాడినంతసేపూ ముల్లు గాడి గోడను ఒరుసుకుంటుంది. కొన్ని యంత్రాల్లో చెయ్యి జింకు కలిపిన పోతలోహంతో చేసినది. అది ఉబ్బి, బీటలు వారితే బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ఇంత పట్టుదల ఎందుకంటే, యంత్రం చెడితే మరొకటి కొనుక్కోవచ్చు. ప్లేటు అరిగితే మళ్ళీ పెరగదు. ఈ ప్లేట్లు లక్కతో చేసినవి. ప్రపంచమంతటా తయారైన ప్లేట్లకు కావలసిన లక్కలో అధికభాగం మన దేశం నుండే పోయింది. 1908 నుండి కలకత్తాలోనే ప్లేట్లు అచ్చుపోశారు. లక్కలో మెత్తని రాతిపొడి వంటిది కలుపుతారు. అది ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపోయేటట్లు చేస్తుంది. అందుకే ఒక ముల్లుతో ఒక వైపే పాడించాలని పెద్దలు నియమం పెట్టారు. అరిగిన ముల్లునే మళ్ళీ వాడితే అది ఉలి అయి గాడిని చెక్కుతుంది. కనుక పెట్టె చూడబోయేటప్పుడు కొత్త ముళ్ళ పొట్లం ఒకటి, పోయినా బాధలేని ప్లేటు ఒకటి వెంట తీసుకువెళ్ళండి. ఇంటి ప్లేటును పరీక్షకు పెట్టకండి.

మరొక పొరపాటు తరచు జరుగుతుంది. నిమిషానికి 33 చుట్ల లాంగ్ ప్లే రికార్డును గ్రామఫోను మీద ఎన్నడూ పెట్టకూడదు. ఘంటసాలవారు పాడిన భగవద్గీత అటువంటి రికార్డుగా వచ్చినదే. ఆ రికార్డు గాడి సన్ననిది, పదార్థం మెత్తనిది. దాన్ని పాడించే ముల్లు భారం రెండు మూడు గ్రాములైతే, గ్రామఫోను సౌండు బాక్సు నూరు గ్రాములకు పైన మోపుతుంది. ఒక్కసారి పెడితే చాలు, శ్లోకాలు చెరిగిపోతవి. ప్లేటు మధ్య చీటీ మీద 78 అని ఉన్నదో, 33 అని ఉన్నదో చదివి మరీ ముల్లు దించాలి.

పాత ప్లేట్ల విలువ ఏమిటో మన తెలుగువారికి చెప్పనక్కరలేదు. కపిలవాయి రామనాథశాస్త్రిగారు 1935లోనే కన్నుమూశారు. ఆయన రంగస్థల పద్యం ఈనాడు మనకు వినబడుతున్నదంటే ప్లేటు చలవే. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపం’ ఘంటసాలవారి గొంతులో పల్లెపల్లెకూ చేరింది ఈ లక్క ప్లేట్ల మీదనే. ఇవి చాలామంది దగ్గర ఉండవచ్చు. కాని మీ ఇంటి పెట్టెలో ఉన్న పేరెరుగని గాయకుని ప్లేటు, మీ అవ్వ పెండ్లినాడు కొన్న ప్లేటు, మరెక్కడా ఉండకపోవచ్చు. అటువంటిదాన్ని గ్రామఫోను మీద ముందుగా పెట్టవద్దని మా మనవి. 78 ప్లేట్లకు తగిన తేలిక ముల్లు గల విద్యుత్ యంత్రం ఉన్నవారి చేత దానిని కంప్యూటరులోకి ఎక్కించి, ఆ ప్రతిని ఇంట్లో నలుగురికీ పంచండి. ఆ తరువాత పండుగనాడు ఒకసారి గ్రామఫోను మీద విన్నా భయం లేదు.

ప్లేట్లు తుడవడానికి స్పిరిటు వాడకండి; లక్క స్పిరిటులో కరుగుతుంది. కొద్దిగా సబ్బు కలిపిన చల్లని నీటిలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో, మధ్య చీటీ తడవకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చక నిలువుగా నిలబెట్టాలి. పెట్టెను మూసిపెట్టేముందు స్ప్రింగును పూర్తిగా వదులు కానివ్వాలి.

బేరం సంగతి చివరి మాట. ఫోనులో బొమ్మ చూచి డబ్బు పంపకండి. చెవితో విని కొనండి. మీ ముందు ఒక ప్లేటు రెండు వైపులా పాడించనివ్వని వ్యాపారి దగ్గర నుండి మర్యాదగా సెలవు తీసుకొని రండి. మెరుగు లేకపోయినా, చెక్క గీతలు పడినా, సరిగా తిరిగి ప్లేటును నొప్పించని పెట్టె దొరికితే అదే మీ ఇంటికి తగినది. పెద్దల పాట చిన్నల చెవిని పడటానికి అంతకు మించిన హంగు అక్కరలేదు.