పల్లెలో ఒక కేసు, పట్నంలో ఒక కేసు

మా రెజైనాలో మనవాళ్ళు నలుగురు కలిస్తే తరచు వచ్చే ప్రశ్న: "పొలాల మందుల వల్ల పల్లెల్లో కేన్సర్ ఎక్కువటగా?" డేటాబేసులతో బతికేవాణ్ణి కనక నాకు ముందు లెక్క గుర్తొస్తుంది.

సస్కాచెవాన్ రాష్ట్రం 1932 నుంచీ కేన్సర్ కేసులు నమోదు చేస్తోంది. డేటాకి కొదవ లేదు, చిక్కంతా భాగహారంలోనే. 500 మంది ఉన్న పల్లెలో ఒక్క కేసు పెరిగితే రేటు లక్షకి 200 పెరుగుతుంది. 2021 జనాభా లెక్కల్లో రెజైనా జనం 2,26,404. ఇక్కడ అదే ఒక్క కేసుకి రేటు లక్షకి అర కూడా పెరగదు. అందుకే రేట్లకి రంగులేసి పటం గీస్తే, బాగా ఎర్రగా తేలేవీ, బాగా తెల్లగా తేలేవీ మామూలుగా చిన్న ఊళ్ళే!

రెండోది వయసు. కుర్రకారు పట్నం చేరితే పల్లెలో మిగిలేది పెద్దవాళ్ళు. కేన్సరేమో వయసుతో పెరిగే జబ్బు. అందుకే కెనడాలో 2011 నాటి జనాభాని కొలబద్దగా పెట్టుకుని వయసు తేడాలు సరిచేస్తారు.

కొన్నేళ్ళ కేసులు కలిపి, పక్క ఊళ్ళని చేర్చి పోల్చాక కూడా తేడా మిగిలితే, అప్పుడు మందుల్నీ నీళ్ళనీ అనుమానించాలి. లేకపోతే ఎర్ర ఊరు ఊరికే హడలిపోతుంది. తెల్ల ఊరు ధీమాగా పరీక్షలు మానేస్తుంది. నాకు భయం ఈ రెండో ఊరి గురించే.