సినిమా కోర్టు వేరు... సిద్దిపేట కోర్టు వేరు!

"ఆర్డర్... ఆర్డర్!" అంటూ జడ్జి గారు సుత్తితో బల్ల మీద కొడతారనీ, మా వకీలు నల్లకోటు ఎగరేసి "అబ్జెక్షన్ యువరానర్!" అని గర్జిస్తాడనీ, ఆఖరి నిమిషంలో తలుపులు తోసుకుని ఓ సాక్షి పరుగెత్తుకొస్తాడనీ... మొట్టమొదటిసారి కోర్టు మెట్లెక్కిన రోజున ఏమేమో ఊహించుకున్నాను సుమండీ! సినిమాల గురించి రాసుకుని బతుకుతున్నదాన్ని కదా, ఆ మాత్రం పిచ్చి ఉంటుంది.

ఇప్పుడా భ్రమలేవీ లేవు. మొన్నటి వాయిదాలో నా కేసు నాలుగంటే నాలుగే నిమిషాల్లో అయిపోయింది. మన సినిమాల్లో డ్యూయెట్‌కు కూడా అంతకంటే ఎక్కువ టైమిస్తారు!

కేసేమిటంటారా? చెప్పుకోవడానికి సిగ్గుపడే రోజులు దాటిపోయాయి లెండి. నా మాజీ భర్త మా ఏడేళ్ళ పాపకు నెలకు 8 వేల రూపాయలు మనోవర్తి ఇవ్వాలని కోర్టు ఆర్డరుంది. కొన్నాళ్ళు ఇచ్చాడు. తర్వాత మానేశాడు. ఆ బకాయి రాబట్టుకోవడానికే ఈ తిరుగుడు. కాపురం పెట్టింది సిద్దిపేటలో కనుక కేసూ అక్కడే వేశాను. ఇప్పుడుంటున్నది హైదరాబాదులో.

వరండాలో ఇంటర్వెల్

పొద్దున్నే జూబ్లీ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆ బస్సు ఉచితం. కండక్టరు ఇచ్చిన జీరో టికెట్‌ను పర్సులో దాచుకుంటూ, వాయిదాల లెక్కలో ఒక ఖర్చయినా తప్పిందని సంతోషించాను.

సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. అంతకుముందు మెదక్ జిల్లాలో ఉండగా జిల్లా జడ్జి కోర్టు సంగారెడ్డిలో ఉండేది. 2022లో సిద్దిపేట జ్యుడీషియల్ జిల్లా కూడా అయింది. ఊరు ఎంత పెరిగినా కోర్టు వరండా మాత్రం వరండాయే! పదిన్నరకల్లా నిలబడటానికి చోటు లేదు. చంకలో ఫైళ్ళు, చేతిలో చంటిపిల్లలు, గోడవారగా చెప్పులు.

దుబ్బాక అవతల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా పక్కన చతికిలబడింది. వెంట కూతురూ, ఆరేళ్ళ మనవడూ. వాడికి ఉతికిన చొక్కా వేసి, తలకు నూనె రాసి దువ్వారు.

"గిది నీకు ఎన్నో తారీకు బిడ్డా?" అనడిగింది.

"నాలుగోదమ్మా."

"మాకు పదకొండు. వాడు పైసలియ్యకపోతె పాయె. తారీకు నాడన్న నాయిన కండ్ల వడ్తడని పోరడు ఆశపడ్తుండు."

ఆ పిల్లవాడు గేటు వైపు చూస్తున్నాడు. నా దగ్గర పెన్ను ఉంది, కాగితం ఉంది. ఒక్క ముక్క రాయబుద్ధి కాలేదు.

నాలుగు నిమిషాల కేసు

బంట్రోతు మా పేర్లు పిలిచాడు. ఎదుటి పార్టీ కూడా వచ్చాడు. చేతికి కొత్త గడియారం. మేజిస్ట్రేట్ గారు ఫైలు తిరగేశారు.

"బకాయి ఎంత?"

"తొంభై ఆరు వేలండీ," అన్నారు మా వకీలు గారు.

"ఎందుకు కట్టలేదు?"

"వ్యాపారంలో నష్టం వచ్చిందండీ... కొంచెం టైమ్ ఇప్పిస్తే..." అన్నాడు అవతలి వకీలు.

మేజిస్ట్రేట్ గారు తలెత్తి నేరుగా అతన్నే అడిగారు. "పాప స్కూలు ఫీజు ఎవరు కడుతున్నారు?"

జవాబు లేదు. పైన ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"ఈ రోజు ఎంత తెచ్చారు?"

"ఇరవై వేలండీ."

అది అప్పటికప్పుడు ఇవ్వాలనీ, మిగిలిన 76 వేలు రెండు వాయిదాల్లో కట్టాలనీ, తప్పితే వారెంటు తప్పదనీ చెప్పి మరో తారీకు వేశారు. రసీదు మీద సంతకం పెట్టి నోట్లు లెక్కపెట్టుకున్నాను. నా చేతులు వణికాయి. కోపంతోనా, ఊరటతోనా అంటే ఇప్పటికీ చెప్పలేను.

శకుంతల నుంచి రాధిక దాకా

అసలీ కేసు మనకు కొత్తదా? నన్నయ గారి భారతంలో శకుంతల కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు రాలేదూ? అక్కడ ఉంగరం ప్రసక్తి లేదు. రాజు నువ్వెవరో ఎరగనంటే ఆకాశవాణి వచ్చి సాక్ష్యం చెబుతుంది. ఉంగరం కాళిదాసు నాటకంలోది. 1966లో ఎన్.టి.రామారావు, బి.సరోజాదేవి 'శకుంతల' వెండితెరకెక్కింది. ఇక 1981లో డి.కామేశ్వరి నవల 'కొత్త మలుపు' ఆధారంగా ఎ.కోదండరామిరెడ్డి తీసిన 'న్యాయం కావాలి' చూడనివారెవరు? ప్రేమించి మోసం చేసిన చిరంజీవిని రాధిక కోర్టుకీడిస్తే, నల్లకోటు వేసుకుని శారద వాదిస్తుంటే హాల్లో ఈలలు!

కానీ ఒక్క సంగతి గమనించారా? ఆ కథలన్నిటిలో ఆరాటమంతా తండ్రి చేత 'వీడు నా బిడ్డే' అనిపించడానికే. మా కేసులో ఆ గొడవే లేదు. పాప తనదేనని మా ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడు. కోర్టు ఆర్డరూ ఉంది. సినిమా అయితే అక్కడే 'శుభం' కార్డు పడేది. మాకు అసలు కథ అక్కడే మొదలైంది. పాపకు ప్రతి నెలా ఆకలేస్తుంది, ప్రతి ఏడాదీ బూట్లు బిగుతవుతాయి. తీర్పు ఒక్కసారి వస్తుంది, ఒకటో తారీకు మాత్రం నెలనెలా వస్తుంది! ఇక్కడ సాక్ష్యం చెప్పడానికి ఆకాశవాణి రానక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు చాలు.

నా మొహమాటం ఖరీదు

నాలాంటి అక్కచెల్లెళ్ళకు పనికొస్తుందని నాలుగు ముక్కలు చెబుతాను. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ కింద మనోవర్తి గరిష్ఠంగా నెలకు 500 రూపాయలే. ఆ పరిమితి తొలగింది 2001లో. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అదే 144వ సెక్షన్ అయింది. ఆస్తులు, ఆదాయం ఎంతో ఇద్దరూ ప్రమాణపత్రం దాఖలు చేయాలనీ, మనోవర్తి పిటిషను వేసిన తేదీ నుంచే ఇప్పించాలనీ 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 10న మన తెలంగాణ నుంచే వెళ్ళిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు ఇమ్మంటే హైకోర్టు 10 వేలకు తగ్గించింది. దాని మీదే భర్త ఢిల్లీ దాకా వెళ్ళాడు!

సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయవచ్చు. 'పోయి కూర్చుని వస్తే అప్పు తీరిపోతుంది' అనుకునే మహానుభావులున్నారు. తీరదు! జైలు కట్టించడానికే తప్ప కట్టినట్టు కాదని 1980ల చివర్లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. డబ్బు రావలసిన తేదీ నుంచి ఏడాదిలోగా వసూలుకు పిటిషను వేయాలి. ఇవాళ ఇస్తాడు, రేపిస్తాడు, నలుగురిలో అల్లరెందుకని నేను పదమూడు నెలలు ఊరుకున్నాను. పన్నెండు నెలల బకాయి నిలిచింది. మొదటి నెలది జారిపోయింది. నా మొహమాటం ఖరీదు అక్షరాలా ఎనిమిది వేల రూపాయలు! పిటిషను వేశాక పేరుకున్న నాలుగు నెలలకు మళ్ళీ ఇంకో పిటిషను రాయించాలట.

తిరుగు ప్రయాణంలో సిద్దిపేట బజార్లో పాపకు బూట్లు కొన్నాను. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. పాప బూట్లు తొడుక్కుని అటూ ఇటూ నడుస్తూ అడిగింది.

"జడ్జి గారు ఏమన్నారమ్మా?"

"నీ ఫీజు ఎవరు కడుతున్నారని నాన్నను అడిగారు."

"నాన్న ఏం చెప్పాడు?"

"ఏం చెప్పలేదు."

"మరి నువ్వైనా చెప్పలేదా?"

నిజమే సుమా! ఇంతమందికి ఇంత రాస్తాను, ఆ ఒక్క మాట నోటికి రాలేదు. "వచ్చే తారీకుకు చెబుతానమ్మా," అన్నాను.