పెట్టె చిన్నదైతే కంప్యూటరు పోయినట్టేనా?

అపోహ: ఇంటర్నెట్ పెట్టె ఒకటి ఉంటే చాలు, కంప్యూటరుతో పని లేదు.

వాస్తవం: సొంతంగా పెద్ద పనేమీ చేయకుండా, దూరాన ఉన్న సర్వర్ చేసిపెట్టిన పనిని తెర మీద చూపడానికే పరిమితమయ్యే చిన్న యంత్రాన్ని థిన్ క్లయింట్ అంటారు. హైటెక్ సిటీ ఆఫీసులో మానిటర్ వెనుక బిగించిన, పుస్తకమంత పెట్టె అలాంటిదైతే, ఉద్యోగి ‘క’ అని కొట్టగానే ఆ సంకేతం డేటా సెంటర్‌కు వెళ్లి, అక్కడి సర్వర్ ఆ అక్షరాన్ని చేర్చి, మారిన తెర బొమ్మను వెనక్కి పంపితే గాని ఇక్కడ ‘క’ కనబడదు. అంటే కంప్యూటరు బల్ల దిగి మరో భవనంలోకి చేరిందన్నమాట. ఈ రాకపోకలకు పట్టే కాలమే అసలు చిక్కు. గాజు తంతువులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, హైటెక్ సిటీ ఉన్న మాదాపూర్ నుంచి ముంబైకి 700 కిలోమీటర్ల దారి అనుకుంటే రానూపోనూ 7 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు ఏడు, సరిపోతాయి. అమెరికా తూర్పు తీరానికైతే కాంతికే 130 మిల్లీసెకన్లు దాటుతాయి, దారిలోని రౌటర్ల జాప్యం దానికి అదనం. అప్పుడు వేళ్లు ముందు నడుస్తాయి, అక్షరాలు వెనక వస్తాయి. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను, అంటే అద్దెకిచ్చే సర్వర్లుండే డేటా సెంటర్లను, ప్రారంభించడం వల్ల కలిగే మేలేమిటో ఈ లెక్కే చెబుతుంది.

అపోహ: ఇది క్లౌడ్ కాలంలో పుట్టిన కొత్త ఆలోచన.

వాస్తవం: ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ సుమారు 500 డాలర్ల ‘నెట్‌వర్క్ కంప్యూటరు’ ఉంటే పీసీ అక్కర్లేదని 1995లోనే చెప్పారు, 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికే ఆ వాదం పాతబడింది. వంటింటి బల్ల మీద పెట్టుకొమ్మని త్రీకామ్ 2000లో తెచ్చిన ‘ఆడ్రీ’ అనే ఇంటర్నెట్ పెట్టె మరుసటి మార్చికే ఆగిపోయింది. అలాంటిదే అయిన ‘ఐ-ఓపెనర్’ కథ మరీ విచిత్రం: నెలవారీ చందాతో రాబట్టుకోవచ్చని తయారీదారు దాన్ని నష్టానికి 99 డాలర్లకే అమ్మితే, కొన్నవారిలో కొందరు హార్డ్ డిస్క్ తగిలించి మామూలు పీసీగా మార్చేసుకున్నారు.

అపోహ: నాడు ఓడిన వస్తువు నేడూ ఓడుతుంది.

వాస్తవం: నాటి ఇళ్లలో ఉన్నది 56 కిలోబిట్ల డయలప్, నేడు ఊళ్లకు చేరుతున్నది ఫైబర్. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ 2024 డిసెంబరులో సంగుపేట, అడవి శ్రీరాంపూర్, మద్దూరు ఊళ్లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన సేవలో టీవీనే కంప్యూటరుగా వాడుకునే ఏర్పాటు ఉంది.

అపోహ: ఎవరికైనా థిన్ క్లయింటే చవక.

వాస్తవం: కాల్ సెంటర్లకు, బ్యాంకు పనులు చేసే సంస్థలకు ఇది బాగా నప్పుతుంది, ఖాతాదారుల ఫైళ్లు సర్వర్ గడప దాటవు, పెట్టె పాడైతే మరొకటి తగిలిస్తే చాలు. అయినా పెట్టె మీద మిగిలిన డబ్బులో కొంత సర్వర్లకు, లైసెన్సులకు పోతుంది. వీడియో కూర్చేవారికి, మొబైల్ యాప్‌లు రాసి పరీక్షించేవారికి సత్తువ గల సొంత యంత్రమే ఇప్పటికీ సుఖం. ఇంటికి కొనదలచినవారు దుకాణంలోనే నెట్ తీయించి, ఆ పెట్టె ఏం చేయగలుగుతోందో ఒకసారి చూసుకోవాలి.