మలివయసులో కొత్తగా పెరిగిన రక్తపోటు: ఉద్దానం సందర్భం

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• మలివయసులో రక్తపోటు కొత్తగా పెరగడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• ఉద్దానంలో రక్తపోటుతోపాటు మూత్రపిండాలను కూడా ఎందుకు పరీక్షించాలో చెప్పగలుగుతారు.
• రక్తపోటును సరిగా కొలిచే పద్ధతిని వర్ణించగలుగుతారు.
• ఉప్పు, నొప్పి మాత్రలు, బీపీ మందుల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలను తెలియజెప్పగలుగుతారు.

12.1 పరిచయం

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో వ్యాపించిన తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. కొన్ని దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి కూడా ఇక్కడి గ్రామాలను పీడిస్తున్నది. తాగునీరు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు, పురుగుమందులు వంటి అనేక అంశాలను పరిశోధకులు పరిశీలించినా, కారణం ఇదేనని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి అందించే తాగునీటి పథకమూ, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఇటువంటి చోట అరవై దాటిన వ్యక్తికి బీపీ కొత్తగా పెరిగితే, ‘వయసుతో వచ్చేదేలే’ అని ఊరుకోకూడదు. ఒక మాత్ర రాసి పంపించినా సరిపోదు. ఆ పెరుగుదల వెనక మూత్రపిండాల పరిస్థితి ఏమిటో తెలుసుకున్న తరవాతే చికిత్స సరైన దారిలో సాగుతుంది. ఈ భాగంలోని ప్రధానాంశం ఇదే.

12.2 మలివయసులో రక్తపోటు ఎందుకు పెరుగుతుంది?

గుండె సంకోచించినప్పుడు ధమనులపై పడే ఒత్తిడిని పై అంకె (సిస్టాలిక్), వ్యాకోచించినప్పటి ఒత్తిడిని కింది అంకె (డయాస్టాలిక్) తెలుపుతాయి. వయసు పెరిగేకొద్దీ పెద్ద ధమనుల గోడలు సాగే గుణాన్ని కోల్పోయి బిరుసెక్కుతాయి. అందువల్ల పెద్దవారిలో పై అంకె పెరిగి, కింది అంకె మామూలుగానే ఉండటం తరచుగా కనిపిస్తుంది. కింది అంకె బాగానే ఉందని దీనిని తేలికగా తీసుకోరాదు. పక్షవాతం, గుండె వైఫల్యం ముప్పు దీనివల్ల కూడా పెరుగుతుంది.

అంతవరకు మామూలుగా ఉన్న రక్తపోటు హఠాత్తుగా పెరిగినా, మందులకు లొంగకపోయినా వేరే కారణం ఉందేమో వెతకాలి. మూత్రపిండాల వ్యాధి, మూత్రపిండాలకు వెళ్లే ధమనులు ఇరుకు కావడం, థైరాయిడ్ లోపాలు, నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య, మద్యం, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు వీటిలో ముఖ్యమైనవి.

12.3 ఉద్దానంలో గమనించవలసిన విశేషం

రక్తపోటుకూ మూత్రపిండాలకూ సంబంధం రెండు వైపులా ఉంటుంది. అధిక రక్తపోటు మూత్రపిండాలలోని సూక్ష్మ రక్తనాళాలను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ సరిగా బయటికి పంపలేక రక్తపోటును ఇంకా పెంచుతాయి.

సాధారణంగా మధుమేహం, అధిక రక్తపోటు మూత్రపిండాల వ్యాధికి దారితీస్తాయి. ఉద్దానంలో మాత్రం ఈ రెండూ లేనివారిలో కూడా వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో ప్రధానంగా మూత్రనాళికలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ దెబ్బతింటాయి. అందుచేత తొలిదశలో మూత్రంలో ప్రొటీన్ స్వల్పంగానే పోవచ్చు, రక్తపోటు కూడా మామూలుగానే ఉండవచ్చు. దీనినుంచి రెండు విషయాలు గ్రహించాలి.

(అ) బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన మూత్రపిండాలు బాగున్నాయని చెప్పలేం.
(ఆ) బీపీ కొత్తగా పెరిగితే, అది అంతకుముందే మొదలైన మూత్రపిండాల వ్యాధికి సూచన కావచ్చు.

కాబట్టి మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఒక్కటే చాలదు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. సన్నగా, కండ తగ్గి ఉన్న వృద్ధులలో క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది. అందువల్ల నివేదికలో ఆ అంకె మామూలుగా కనిపించినా వడపోత సామర్థ్యం తగ్గి ఉండవచ్చు. వయసును కూడా లెక్కలోకి తీసుకొని అంచనా వేసే వడపోత రేటు (ఇ.జి.ఎఫ్.ఆర్.) ఎంతో వైద్యుణ్ణి అడగాలి. అది మూడు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధిగా పరిగణిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను భాగం చివర ఇచ్చిన వాటితో పోల్చి చూసుకోండి.
1. పెద్దవారిలో పై అంకె మాత్రమే ఎందుకు పెరుగుతుంది?
2. ఉద్దానంలో మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఒక్కటే ఎందుకు సరిపోదు?

12.4 రక్తపోటును కొలిచే పద్ధతి

కొలవడానికి అరగంట ముందు నుంచి టీ, కాఫీ, చుట్ట, బీడీ మానాలి. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. పట్టీ కట్టిన చేయి గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాల వ్యవధితో రెండుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి.

ఆసుపత్రిలో వేర్వేరు రోజులలో 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అధిక రక్తపోటుగా గుర్తిస్తారు. ఇంటి దగ్గర కొలిస్తే ఈ హద్దు 135/85. వృద్ధులకు నిలబెట్టి కూడా కొలవాలి. లేచి నిలబడిన మూడు నిమిషాలలో పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే కళ్లు తిరిగి కింద పడే ప్రమాదం ఉంది. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క కాలూచేయీ పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

12.5 నిర్వహణ

12.5.1 ఉప్పు: రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీస్పూను కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కూరలో వేసేదే కాక ఎండు చేపలు, ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు జీడిపప్పు, అంబలిలో కలుపుకొనే ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బజారులో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దానిని వాడరాదు.

12.5.2 నీరు, కొబ్బరి నీళ్లు: ఎండలో పనిచేసేవారు దాహం తీరేలా మంచినీళ్లు తాగాలి. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి మాత్రం నీటి పరిమితిని వైద్యుడు నిర్ణయిస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతులకు అవి మేలే. మూత్రపిండాలు బలహీనపడినవారిలో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పవచ్చు. తోట మనదే అయినా ఈ జాగ్రత్త తప్పదు.

12.5.3 నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటివి శరీరంలో ఉప్పును నిలిపి బీపీని పెంచుతాయి. మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని రోజూ వేసుకొనే అలవాటును మానాలి. కాపడం, వ్యాయామం, అవసరమైతే వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మేలు.

12.5.4 బీపీ మందులు: ‘ఈ వయసులో మందులెందుకు’ అనుకోవడం సరికాదు. 80 ఏళ్లు, ఆపైబడిన 3,845 మందిపై జరిగి 2008లో ప్రచురితమైన ‘హైవెట్’ పరిశోధనలో, చికిత్స పొందినవారిలో మరణాలు 21 శాతం, గుండె వైఫల్యం 64 శాతం తగ్గాయి. అయితే వారు ఆ వయసులోనూ కొంత ఆరోగ్యంగా ఉన్నవారు. బాగా నీరసించినవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి.

ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి కాళ్లు వాస్తాయి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు వృద్ధులలో సోడియాన్ని తగ్గించవచ్చు. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి ముఖ్యంగా మేలు చేస్తాయి. వాటిని మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వీటిని కొనసాగించాలో, తాత్కాలికంగా ఆపాలో ఆరోజే వైద్యుణ్ణి అడగాలి.

12.6 అన్వయం

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లే 64 ఏళ్ల మహిళకు వైద్య శిబిరంలో బీపీ 158/84 వచ్చింది. గంటలతరబడి కూర్చోవడంవల్ల నడుంనొప్పి. దానికి రోజూ ఒక మాత్ర. ఇక్కడ మొదట ఆమె వాడుతున్న మాత్ర ఏమిటో అడగాలి. అది పైన చెప్పిన రకం అయితే వైద్యుడి సలహాతో మాన్పించాలి. మరో రోజు బీపీ తిరిగి కొలవాలి. క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించాలి. ఆ ఫలితాలను బట్టి మందును ఎంచుకోవాలి. పరీక్షలు చేయించకుండా ఆ మాత్రకు బీపీ మాత్రను జోడిస్తే అంకె తగ్గవచ్చు. మూత్రపిండాలకు జరుగుతున్న హాని మాత్రం ఆగకపోవచ్చు.

12.7 సారాంశం

మలివయసులో ధమనుల బిరుసుదనంవల్ల రక్తపోటు పెరగవచ్చు. ఉద్దానంలో మాత్రం కొత్తగా కనిపించిన ప్రతి అధిక రక్తపోటు సందర్భంలోనూ క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించాలి. బీపీ మామూలుగా ఉన్నవారు కూడా మూత్రపిండాలను పరీక్షించుకోవాలి. సరైన కొలత, తక్కువ ఉప్పు, నొప్పి మాత్రలకు దూరం, పరీక్షల ఆధారంగా ఎంచుకున్న మందు నిర్వహణలో ముఖ్యాంశాలు. మందును సొంతంగా మొదలుపెట్టడం, ఆపడం రెండూ హానికరమే.

12.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. పెద్ద ధమనులు సాగే గుణాన్ని కోల్పోయి బిరుసెక్కడంవల్ల.
2. ఇక్కడి వ్యాధిలో ప్రధానంగా మూత్రనాళికలు దెబ్బతింటాయి. తొలిదశలో ప్రొటీన్ స్వల్పంగానే పోవచ్చు. కాబట్టి క్రియాటినిన్, వడపోత రేటు కూడా చూడాలి.

12.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రక్తపోటుకూ మూత్రపిండాలకూ గల సంబంధాన్ని ఉద్దానం నేపథ్యంలో వివరించండి.
2. వృద్ధులలో అధిక రక్తపోటు నిర్వహణను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రక్తపోటును కొలిచేటప్పుడు పాటించవలసిన నియమాలు
2. నొప్పి మాత్రలవల్ల కలిగే హాని