రెప్పలున్న ‘పాము’

అల్జీరియా దేశంలో బాబోర్ అనే పర్వతం ఉంది. 1975లో అక్కడి అడవిలో ఓ చిన్న పిట్ట కనిపించింది. అంతకు ముందు శాస్త్రజ్ఞులెవరూ దాన్ని ఎరుగరు. తరువాత అదే దేశంలో మరికొన్ని అడవుల్లో దొరికింది గాని, ఆ దేశపు ఎల్లలు దాటి మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఇలా ఒక ప్రాంతానికే పరిమితమైన జీవాలను ‘ఎండెమిక్’ జాతులంటారు. ఈ మాట వినగానే మనకు ఆస్ట్రేలియా ప్లాటిపస్సో, మడగాస్కర్ లీమరో గుర్తొస్తాయి. పరీక్షలో రాసేవీ అవే. మన గుమ్మం ముందున్నదాన్ని ఎవరూ రాయరు.

దాని పేరు బార్కుడియా మెలనోస్టిక్టా. కాళ్ళు లేని నలికిరి. ప్రపంచం మొత్తంమీద దాని చిరునామా మన విశాఖపట్నమూ, ఆ చుట్టుపక్కల నేలానే. ఈ ప్రజాతిలో ఉన్నవే రెండు జాతులు. రెండోది ఒడిశాలోని చిలకా సరస్సులో బార్కుడా దీవిలో దొరికింది. 1917లో అన్నాండేల్ దాన్ని వర్ణించి, దీవి పేరే ప్రజాతికి పెట్టాడు. మన దానికి 1801లోనే జర్మన్ పండితుడు ష్నైడర్ నామకరణం చేశాడు. అయితే ఆయన దాన్ని ‘ఆంగ్విస్’ అన్నాడు. లాటిన్‌లో ఆ మాటకు పాము అని అర్థం. అంతటి పండితుడే పామన్నాక మనూళ్ళో కర్ర పట్టుకున్నవాణ్ణి ఏమనగలం?

ఒక జీవి ఒకేచోట ఎందుకుండిపోతుంది? పక్షికి రెక్కలున్నాయి, చింతగింజను కోతి మోస్తుంది, జిల్లేడు విత్తనాన్ని గాలి తీసుకుపోతుంది. కాళ్ళు లేకుండా గుల్లమట్టిలో, రాలిన ఆకుల కింద ఈదుతున్నట్టు బతికే నలికిరిని ఎవరు మోస్తారు? గట్టినేల వస్తే దానికి గోడ. నీరొస్తే సముద్రం. అలా విడిపోయిన గుంపు వేల తరాలు తనలో తానే సంతతి పెంచుకుంటే క్రమేణా వేరే జాతి అవుతుంది.

యారాడను చూస్తే ఈ సంగతి చప్పున బోధపడుతుంది. ఊరికి మూడు వైపులా కొండ, నాలుగో వైపు బంగాళాఖాతం. అవతల సింహాచలం కొండలకూ యారాడ కొండకూ మధ్య ఒకప్పుడు మేఘాద్రిగెడ్డ కలిసే ఉప్పు చిత్తడి ఉండేది. అక్కడే తవ్వి కట్టిన ఓడరేవు 1933లో మొదలైంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చాయి. మనం బస్సులో తిరిగొస్తాం. మట్టిలో పాకే ప్రాణికి మాత్రం యారాడ కొండ ఇప్పుడు అచ్చంగా ఒక దీవి. దీవిలో పోయినదాని స్థానంలోకి పక్కనుంచి మరొకటి రాదు. అందుకే కొండ అడుగున ఎర్రమట్టి తవ్వి లారీలకెత్తడం, ఆకులు ఊడ్చి తగలబెట్టడం నాకు చిన్న విషయాలుగా తోచవు.

కడప వైపు కథ కాస్త వేరు. అక్కడి కలివికోడికి రెక్కలున్నా ఆ ముళ్ళపొదల నేల వదిలి పోదు. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం ప్రాంతంలో మళ్ళీ దొరికింది. దొరకబట్టింది ప్రొఫెసరు కాదు, పిట్టలు పట్టుకునే ఊరి మనిషి. ఆ పొదల నేలను బీడు అంటాం మనం. దాన్ని చదును చెయ్యడమే అభివృద్ధి అనుకుంటాం. ఎర్రచందనమూ ఆ కొండలదే. దాని గొడవ పేపర్లలో రోజూ చూస్తున్నదే గనక ఇక్కడ వద్దు.

నలికిరికి అలాంటి ధర లేదు. దొంగ రాడు, కాపలా ఉండదు. దాన్ని చంపేది మనమే, అదీ భయంతో. తోటలో పాదు తవ్వుతుంటే మెరుస్తూ మెలికలు తిరుగుతుంది. “పామురా!” అని ఒకడు అరిచేలోపు ఇంకొకడి పార పడిపోతుంది. మా ఇంట్లోనూ ఇంతే. వ్యవసాయదారులకు పాము భయం ఊరికే రాలేదు, రక్తపింజరి కాటుకు మనుషులు పోతున్నారు. ఆ భయాన్ని నేను వెక్కిరించను. కాని నలికిరికి విషం లేదు, మట్టిలోని పురుగుల్ని తిని బతుకుతుంది.

గుర్తు పట్టడానికి ఒక ఉపాయం ఉంది. పాముకు రెప్పలు లేవు, ఎప్పుడూ ఒకేలా చూస్తుంది. నలికిరి కళ్ళు ఆవగింజంతే అయినా వాటికి రెప్పలున్నాయి. పార పక్కన పెట్టి, నాలుగడుగుల దూరంలో నిలబడి, కాసేపు చూడండి. రెప్ప పడిందా, అది పాము కాదు. ఒక ఫోటో తీసి మా జువాలజీ డిపార్టుమెంటులో ఎవరికైనా చూపిస్తే సంతోషిస్తాం.