తులనా వాక్యములలో నిషేధము: తెలుగు, చీనా భాషల రీతి

రెండు వస్తువుల తారతమ్యమును తెలుపు వాక్యమును నిషేధించినపుడు అర్థనిర్ణయము సులభము కాదు. ఆధిక్యమును కాదనినచో సమత్వము, న్యూనత్వము అను రెండును మిగులును. వీనిలో దేనిని వక్త ఉద్దేశించెనో వాక్యనిర్మాణమే తెలుపవలెను.

తారతమ్యము తెలుపునపుడు పంచమీ విభక్తిని పాణిని (2-3-42) విధించెను. తెలుగున 'కంటె' పంచమీ ప్రత్యయములలోనిదే. చీనా భాషలో విభక్తి ప్రత్యయములు లేవు. 'పోల్చు' అను అర్థము గల 'బీ' అను పదము ఆ పని చేయును. 'తా బీ వో గావ్' అనగా 'అతడు నాకంటె పొడవు' అని భావము.

ఈ వాక్యమును నిషేధించుటకు చీనా భాషలో ప్రధానముగా మూడు మార్గములు కలవు. సామాన్య నిషేధకమైన 'బూ'ను చేర్చి 'తా బూ బీ వో గావ్' అనినచో 'అతడు నాకంటె పొడవు కాదు' అని అర్థము. ఇచట ఇద్దరును సమానులు కావచ్చును. ఎదుటివాని అభిప్రాయమును ఖండించునపుడు ఈ రీతి తరచుగా వచ్చును. 'తా మేయౌ వో గావ్' అనినచో 'అతడు నాయంత పొడవు లేడు' అని అర్థము. ఇచట న్యూనత్వము నిశ్చితము. మూడవది 'తా బూరూ వో'. 'అతడు నాకు సాటి రాడు' అనుట.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. 'మేయౌ' అనుపదమునకు 'లేదు' అని మూలార్థము. పరస్పర సంబంధము లేని ఈ రెండు భాషలును న్యూనత్వమును చెప్పుటకు అభావవాచకమునే ఆశ్రయించినవి. తెలుగున 'నాయంత పొడగరి కాడు' అను ప్రయోగమును కలదు. కావున న్యూనత్వమును నిశ్చయించునది 'అంత' శబ్దమనియు, 'లేదు' దానికి సహజమైన తోడనియు చెప్పవలెను. 'కంటె' మాత్రము ఇట్టి వాక్యములలో సాధారణముగా 'కాదు'తో పొసగును.

ఈ భేదము కేవల శాస్త్రచర్చ కాదు. ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు పల్లెలలో వేసవియందు కోయవారు తునికాకు సేకరింతురు. 50 ఆకులు ఒక కట్ట. కట్టను బట్టియే వారికి ధర ముట్టును. 'ఈ యేటి ధర నిరుటికంటె ఎక్కువ కాదు' అనినచో నిరుటి ధరయే దక్కునను ఆశ మిగులును. 'ఈ యేటి ధర నిరుటియంత లేదు' అనినచో తగ్గుదల నిశ్చయము. 'నిర్ణీత ధరకంటె తక్కువ కాదు' అను వాక్యము నిర్ణీత ధరకు హామీ యగునే గాని, అంతకు మించి యిత్తుమను మాట కాదు.

ఇంట కోయ మాటాడి, బడిలో తెలుగు నేర్చు బాలురకు ఈ వాక్యములను పర్యాయములుగా బోధించుట తగదు. 'కంటె... కాదు' అనునది హద్దును మాత్రమే చెప్పును, 'అంత... లేదు' అనునది లోటును చెప్పును. ఉపాధ్యాయుడు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి, ఎచట సమత్వమునకు తావున్నదో విద్యార్థిచేతనే చెప్పించుట ఉచితము.