హుక్కు దేనికి తగిలించాలి?

ఉక్కు కట్టడం లేస్తున్నప్పుడు రెండు స్తంభాల మీద చెరొక మనిషి కూర్చుని ఉంటాడు. క్రేన్ దూలాన్ని మోసుకొచ్చి వాళ్ల మధ్యకు దించుతుంది. రంధ్రానికి రంధ్రం కలిసేలా సర్ది, బోల్టులు దూర్చి, స్పానర్లతో బిగిస్తారు. అక్కణ్నుంచి పక్క స్తంభానికి పోవాలంటే ఇప్పుడు బిగించిన ఆ దూలమే దారి. జానెడు వెడల్పు. పైన కప్పు ఉండదు, పక్కన రెయిలింగ్ ఉండదు. ఒంటికి బెల్టు ఉంది, బెల్టుకు తాడు ఉంది, తాడుకు హుక్కు ఉంది. ఆ హుక్కును దేనికి తగిలించాలి?

ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చిన సాధనమే బీమ్ యాంకర్. బెల్టు, తాడు ఎంత మంచివైనా, అవి పట్టుకున్న చోటు గట్టిదైతేనే ప్రాణం నిలుస్తుంది. ఈ చిన్న సంగతి పనిముట్టుగా మారడానికి చాలా కాలం పట్టింది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అమెరికాలో పెద్ద వంతెనలు కట్టేటప్పుడు చావులను ముందే లెక్కలో వేసుకునేవారు. పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం పోతుందన్నది అప్పట్లో చెల్లిన అంచనా. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1933లో మొదలైన గోల్డెన్ గేట్ వంతెనకు చీఫ్ ఇంజినీరైన జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కకు ఒప్పుకోలేదు. వంతెన కింద పొడవునా తాళ్లతో అల్లిన వల కట్టించాడు. దానికి లక్షా ముప్పై వేల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ వల 19 మందిని బతికించింది. కానీ 1937 ఫిబ్రవరి 17న మనుషులతో ఉన్న బరువైన పని వేదిక ఊడి వల మీద పడింది. వల చిరిగిపోయి 10 మంది చనిపోయారు. వల పట్టాల్సింది మనిషిని. ఆ రోజు దాని మీద పడింది టన్నుల బరువు. కిందపడేదాన్ని ఆపే సాధనం ఏదైనా, ఎంత బరువు ఎంత వేగంతో వస్తుందో లెక్క కట్టి తయారు చేయాలని ఆ ప్రమాదం నేర్పింది.

ప్రతి దూలం కిందా వల కట్టడం కుదరదు. అందుకే మనిషినే కట్టే పద్ధతి బలపడింది. నడుముకు తోలు బెల్టు, దానికో తాడు. ఇది పడేవాణ్ని ఆపేది గానీ, దెబ్బంతా పొట్ట మీద, వెన్ను మీద పడేది. ఒక్కోసారి మనిషి తలకిందులై బెల్టులోంచి జారిపోయేవాడు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటినీ చుట్టే ఫుల్ బాడీ హార్నెస్ ఆ దెబ్బను ఒళ్లంతా పంచుతుంది. తాడు తగిలించే డి-రింగ్ వీపు మీద, రెండు భుజాల మధ్య ఉంటుంది కాబట్టి మనిషి నిటారుగా వేలాడతాడు. అమెరికాలో కార్మిక భద్రతను చూసే ఓషా సంస్థ, పడేవాణ్ని ఆపడానికి నడుము బెల్టు వాడకాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించింది.

హార్నెస్ ఒక్కటీ ఉంటే సరిపోదని లెక్క చెబుతుంది. పనిముట్లతో కలిపి వంద కిలోలున్న మనిషి 1.8 మీటర్లు పడ్డాడనుకుందాం. దానికి పట్టే సమయం 0.6 సెకను. అప్పటికి వేగం గంటకు 21 కిలోమీటర్లు దాటుతుంది. సాగని తాడు అతణ్ని 10 సెంటీమీటర్లలో ఆపిందంటే ఒంటి మీద పడే సగటు బలం దాదాపు 1,900 కిలోల బరువుతో సమానం. అదే ఒక మీటరు దూరంలో మెల్లగా ఆపితే 280 కిలోలే. ఆ మీటరును ఇచ్చేది తాడుకు కుట్టిన షాక్ అబ్జార్బర్. గుప్పెడంత కవరులో మడతలు పెట్టి కుట్టిన పట్టీ అది. బలంగా లాగినప్పుడు కుట్లు వరసగా తెగుతూ పట్టీ విప్పుకుంటుంది. కుట్టు కుట్టుకూ కొంత శక్తి ఖర్చవుతుంది. హార్నెస్ వేసుకున్న మనిషి మీద పడే బలం 1,800 పౌండ్లు, అంటే 8 కిలోన్యూటన్లు దాటకూడదని ఓషా నియమం.

హుక్కు తగిలించే చోటుకు, అంటే యాంకర్‌కు పెట్టిన హద్దు ఇంకా పెద్దది. కట్టుకున్న ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోల బరువును మోయగలగాలి. లేదా అర్హత ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో, రాగల బలానికి రెండింతలు తట్టుకునేలా తయారు చేయాలి. చేతిరెయిలింగు, కరెంటు వైర్ల పైపు, సన్నటి బ్రేసింగు రాడ్డు చూడటానికి గట్టిగా ఉన్నా ఈ పరీక్షకు నిలవవు.

ఉక్కు దూలం మాత్రం నిలుస్తుంది. కాకపోతే దానికి హుక్కు పట్టే చోటు లేదు. దూలం చుట్టూ తాడు చుట్టి దానికే హుక్కు వేస్తే, దూలానికి పైనా కిందా ఉండే వెడల్పు పలక, అంటే ఫ్లాంజ్ అంచు తాడును కోసేస్తుంది. అరుగుదలను ఆపే తొడుగున్న యాంకర్ పట్టీ ఒక దారి. మర బిగించి ఒకే చోట నిలిపే క్లాంప్ ఇంకో దారి. నడిచే మనిషికి పనికొచ్చేది జారే బీమ్ యాంకర్.

దాన్ని చేతిలోకి తీసుకుంటే నిర్మాణం వెంటనే అర్థమవుతుంది. అడ్డంగా ఒక లోహపు కడ్డీ. దాని రెండు కొసల్లో ఫ్లాంజ్ అంచులను కింది నుంచి పట్టుకునే దవడలు. కడ్డీ మీద దవడను జరిపి, దూలం వెడల్పుకు సరిపోయే గాటులో పడేశాక, స్ప్రింగు లాక్ టక్కున కూర్చోవాలి. మధ్యలో ఉన్న డి-రింగ్‌కు హుక్కు తగులుతుంది. మామూలుగా నడుస్తుంటే తాడు లాగిన కొద్దీ యాంకర్ దూలం మీద జారుతూ వెంట వస్తుంది. మనిషి పడితే దవడలు ఫ్లాంజ్‌ను పట్టుకుని ఆ బలాన్ని దూలానికి అప్పగిస్తాయి.

దీన్ని వాడేటప్పుడు చూడాల్సినవి ఉన్నాయి. ఫ్లాంజ్ వెడల్పు, మందం ఆ మోడల్ హద్దుల్లోనే ఉండాలి. దవడలు వదులైతే యాంకర్ ఊడుతుంది. దూలం చివర స్తంభమో, స్టాపరో లేకపోతే జారుతూ జారుతూ కొస దాటిపోతుంది. దూలం కూడా యాంకర్‌లో భాగమే. బోల్టులు సరిగా పడని దూలానికి, ఇంకా క్రేన్‌కు వేలాడుతున్న దూలానికి హుక్కు వేస్తే రెండూ కలిసి కిందికొస్తాయి.

ఎక్కడ తగిలించామన్నది కూడా లెక్కే. తల పైన తగిలిస్తే పడే దూరం తక్కువ. కాలి కింది దూలానికి తగిలిస్తే డి-రింగ్ అప్పటికే యాంకర్ కంటే మీటరున్నర పైన ఉంటుంది. 1.8 మీటర్ల తాడు బిగిసేసరికి మనిషి 3.3 మీటర్లు పడతాడు. మామూలు షాక్ అబ్జార్బర్ 1.8 మీటర్ల పతనానికే తయారవుతుంది. పాదాల దగ్గర తగిలించాలంటే అందుకోసమే చేసిన అబ్జార్బర్ కావాలి. కింద ఖాళీ ఎంతుందో కూడా చూడాలి. తాడు 1.8, అబ్జార్బర్ విప్పుకునేది 1.1, డి-రింగ్ నుంచి పాదాల దాకా 1.5, జాగ్రత్తకు మరో 1. మొత్తం 5.4 మీటర్లు. యాంకర్ నుంచి అంత ఖాళీ లేకపోతే, తాడు ఆపేలోపే కింది అంతస్తు తగులుతుంది. యాంకర్‌కు బాగా పక్కగా జరిగి పనిచేస్తే పడిన మనిషి లోలకంలా ఊగి స్తంభానికి గుద్దుకుంటాడు.

చాలామంది నడిచే చోట రెండు స్తంభాల మధ్య, అందరూ హుక్కులు తగిలించుకునే తాడు, అంటే లైఫ్‌లైన్ కడతారు. దాన్ని వీణతీగలా బిగిస్తే భద్రమనిపిస్తుంది. నిజానికి తడిచీర వేసిన దండెం లాంటిదే అది. తాడు ఎంత బిగువుగా ఉంటే, నడుమ వేలాడే బరువుకు రెండు కొసల మీద లాగుడు అంత పెరుగుతుంది. తాడు 5 డిగ్రీలే వంగితే ఒక్కో కొస మీద పడే బలం, వేలాడే బలానికి దాదాపు ఆరింతలు. అందుకే లైఫ్‌లైన్‌ను అంచనాతో కట్టకూడదు, ఇంజినీరు లెక్క ప్రకారమే కట్టాలి.

తాడు ఆపిందంటే పని సగమే అయింది. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణమూ పోవచ్చు. అతణ్ని నిమిషాల్లో దించే ఏర్పాటు పని మొదలుకాక ముందే సిద్ధంగా ఉండాలి. ఒకసారి పతనాన్ని ఆపిన హార్నెస్, తాడు, యాంకర్ మళ్లీ వాడకంలోకి రాకూడదు.

మన ఊళ్ల చుట్టూ ఇప్పుడు ఉక్కు షెడ్లు, గోదాములు, ఎత్తయిన భవనాలు లేస్తున్నాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాల నిర్మాణ పనులకు వెళ్తున్నారు. మన దేశంలో బెల్టులకు, హార్నెస్‌లకు ఐఎస్ 3521 ప్రమాణం ఉంది. హార్నెస్ వేసుకోకపోతే గేటు దగ్గరే ఆపే సైట్లూ ఉన్నాయి. పైకెక్కాక హుక్కు తగిలించే చోటు చూపకపోతే ఆ హార్నెస్ ఒంటి మీద బరువు మాత్రమే. రెండు హుక్కులున్న తాడు (లాన్యార్డు) ఇచ్చి, ఒకటి తగిలించాకే రెండోది తియ్యమని చెప్పే సూపర్‌వైజర్, ఆ రెండోది పట్టే చోటు కూడా ముందే చూపాలి.

ఇది పైనున్న మనిషి ధైర్యానికి వదిలేసే సంగతి కాదు. దూలం నేల మీద ఉండగానే లైఫ్‌లైన్ స్తంభాలు, యాంకర్లు బిగించి, అప్పుడు క్రేన్‌తో ఎత్తవచ్చు. డ్రాయింగులోనే యాంకర్ రంధ్రాలు గుర్తించవచ్చు. వాటికయ్యే ఖర్చు టెండర్‌లోనే రాయవచ్చు. హుక్కు దేనికి తగిలించాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది కాగితం మీద దూలాన్ని గీసే ఇంజినీరు, దానికి డబ్బిచ్చే యజమాని. ఆ జవాబు కాగితం మీద లేనంతవరకు దూలాన్ని పైకి లేపకూడదు.